ఎడమకు ఒరిగిన పికప్: లోపం ముందుందా, వెనుకుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ బండి ఏడాదిగా ఎడమ వైపు ఒరిగి నిలబడుతోంది. ఖాళీ బండికి ముందు ఎడమ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు పడితే, కుడి వైపు ఆరు వేళ్లు పడుతున్నాయి. నేను సీట్లో కూర్చుంటే కొంత సర్దుకున్నట్టు కనిపిస్తుంది. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను, తేడా రాలేదు. ముందు ఎడమ కాయిల్ స్ప్రింగు పోయిందని ఒక మెకానిక్ అంటున్నారు. వరంగల్ ఆటోనగర్‌లో మరొకరు వెనుక ఎడమ కమాన్ కట్టలో, అంటే వంచిన ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులో, ఒక పట్టీ అదనంగా వేస్తే చాలంటున్నారు. కట్టలో ఇప్పుడు అయిదు పట్టీలు ఉన్నాయి. ఎవరి మాట వినాలి? ఈలోగా మిర్చి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు తిరగవచ్చా?

సమాధానం: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినవద్దు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే కావచ్చు, కానీ మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఇద్దరూ కంటితో చూసి చెప్పారే తప్ప బండికి టేపు పెట్టి కొలిచినట్టు లేదు. బండి ఒరగడం జ్వరం లాంటిది. అది పైకి కనిపించే చోటు వేరు, పుట్టిన చోటు వేరు కావచ్చు.

ముందుగా షాక్ అబ్జార్బర్ల సంగతి. షాక్ అబ్జార్బర్ బండి బరువును మోయదు; స్ప్రింగు ఊగిసలాటను అణచడమే దాని పని. గ్యాస్ నింపిన రకం కొద్దిగా పైకి తోస్తుంది గానీ, రెండు వేళ్ల ఒరుగును ఎత్తి నిలబెట్టేంత బలం దానికి ఉండదు. పాతవి నూనె కారుతూ ఉండి ఉంటే మీరు వాటిని మార్చడం మంచిదే, ఆ డబ్బు వృథా కాలేదు. ఒరుగుకు మాత్రం అది మందు కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ముందు ఎడమ మూల కిందికి ఉన్నంత మాత్రాన ముందు ఎడమ స్ప్రింగే పోయిందని ఎందుకు అనకూడదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. చాసిస్ మంచపు పట్టె లాంటి గట్టి చట్రం. మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఆ ఒక్క మూలే దిగదు, మంచం మొత్తం దాని వైపు ఒరుగుతుంది. నాలుగు మూలల్లోనూ ఒకే గట్టితనం గల స్ప్రింగులు ఉన్నాయనుకుంటే, వెనుక ఎడమ స్ప్రింగు 40 మి.మీ. కుంగినప్పుడు ఆ మూల సుమారు 30 మి.మీ. దిగుతుంది, ముందు ఎడమ మూల, వెనుక కుడి మూల చెరి 10 మి.మీ. దిగుతాయి, ఎదురు మూలలో ఉన్న ముందు కుడి వైపు 10 మి.మీ. పైకి లేస్తుంది. ఇప్పుడు ముందు భాగంలో ఎడమ కుడి తేడా ఎంత? 20 మి.మీ. వెనుక భాగంలో ఎంత? అదీ 20 మి.మీ. లోపం ఉన్నది వెనుక ఒక్క మూలలోనే అయినా తేడా రెండు చోట్లా సమానంగా కనిపిస్తుంది. వెనుక టైరు డాలా (సరుకు వేసే తొట్టి) కింద సగం దాగి ఉంటుంది కనుక అక్కడ ఎవరూ చూడరు. ముందు టైరు, మడ్‌గార్డు కళ్లెదుటే ఉంటాయి కనుక నింద ముందు స్ప్రింగు మీద పడుతుంది.

పికప్ బండ్లలో ఇంకో విషయం ఉంది. లోడు మోయవలసినవి వెనుక కట్టలే కాబట్టి అవి ముందు స్ప్రింగుల కంటే చాలా గట్టిగా ఉంటాయి. ఒరుగు ఎటు ఉండాలో చాలావరకు అవే నిర్ణయిస్తాయి, మెత్తని ముందు స్ప్రింగులు వాటి వెంట పోతాయి. వెనుక గట్టితనం ముందు దానికి రెట్టింపు అనుకొని లెక్క వేస్తే, మీరు చెప్పిన రెండు వేళ్ల తేడా, అంటే దాదాపు 35 మి.మీ., ముందు స్ప్రింగు ఒక్కదాని వల్లనే రావాలంటే అది 100 మి.మీ. పైగా కుంగి ఉండాలి. కాయిల్ విరిగితే తప్ప అంత కుంగుడు రాదు. అదే వెనుక కట్ట అయితే 50 మి.మీ. చుట్టుపక్కల కుంగితే సరిపోతుంది. అందుకే నా అనుమానం వెనుక వైపే ఉంది. అయినా అనుమానం మీద డబ్బు పెట్టవద్దు, అరపూట పనితో తేల్చుకోవచ్చు.

కొలిచే ముందు నేల చదునుగా ఉందో లేదో చూసుకోవాలి. పెట్రోలు బంకు ముందరి కాంక్రీటు చూపుకు చదునుగా ఉన్నా, నీళ్లు పోవడానికి దానికి వాలు పెడతారు. వేబ్రిడ్జి పలక దొరికితే మేలు. లేకపోతే ఇళ్లు కట్టే మేస్త్రి వాడే నీళ్ల లెవెల్ పైపు అడిగి తెచ్చుకొని, నాలుగు టైర్లు నిలిచే చోట్ల నీటి మట్టం చూసి, పల్లంగా ఉన్న చోట పలక ముక్కలు వేసి సరిచేయండి. డాలాలో ఉన్న తాళ్లు, టార్పాలిన్, సామాన్ల పెట్టె అన్నీ దించేయండి. పెట్టె ఎప్పుడూ ఎడమ మూలనే ఉంటుందా అన్నది కూడా గమనించండి. 50 లీటర్ల డీజిల్ 40 కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి ట్యాంకు ఏ వైపున ఉందో, ఎంత నిండి ఉందో కూడా రాసుకోండి. బండిలో ఎవరూ కూర్చోకూడదు. మీరు కూర్చుంటే సర్దుకోవడానికి కారణం వేరే ఏమీ కాదు, డ్రైవరు సీటు కుడి వైపున ఉండడమే.

తరువాత టైర్లు. నాలుగింటిలోనూ బండి మీద రాసి ఉన్న లెక్క ప్రకారం గాలి పెట్టించి, టైరు పక్కన అచ్చు వేసిన సైజును నాలుగు చోట్లా చదవండి. 215/75 ఆర్15 అన్న చోట 215/70 ఆర్15 ఒక వైపు ఎక్కి ఉంటే, ఆ మూల దాదాపు 11 మి.మీ. దిగిపోతుంది. కొత్త టైరు ఒక వైపు, అరుగుదల గుర్తు దాకా అరిగిన టైరు మరో వైపు ఉన్నా కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఒకప్పుడు నేనే ఒక వ్యానుకు ముందు స్ప్రింగు మార్పించి, అది పట్టుకొని ఇంటికి పోయేటప్పుడు వెనుక టైర్లు రెండూ రెండు సైజులవని గమనించాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు కాబట్టే ఈ మాట ముందు చెబుతున్నాను.

ఇప్పుడు బండిని పది మీటర్లు ముందుకు నడిపి, మెల్లగా ఆపి, నాలుగు మూలలనూ చేతులతో నొక్కి వదిలి, ఆ తరువాత టేపు పట్టండి. జాకీ మీది నుంచి దించిన వెంటనే ఎప్పుడూ కొలవకండి, ఎందుకంటే టైర్లు పక్కలకు బిగుసుకొని ఉండి, కొన్ని అడుగులు కదిలితే గానీ బండి తన అసలు ఎత్తుకు రాదు. ప్రతి మూలలో నేల నుంచి చక్రం నడిమి బిందువు దాకా ఒక కొలత, అక్కడి నుంచి నిటారుగా మడ్‌గార్డు అంచు దాకా రెండో కొలత తీసుకోండి. వెనుక వైపు డాలా అంచుకు కొలవండి, హౌసింగ్ (వెనుక చక్రాలను కలిపే ఇరుసు గొట్టం) పైభాగం నుంచి చాసిస్ అడుగుకు మరో కొలత కూడా తీసుకోండి. మొదటిదానిలో తేడా వస్తే అది టైర్లది. హౌసింగ్‌కూ చాసిస్‌కూ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉండి, మడ్‌గార్డు కొలతలో మాత్రం తేడా ఉంటే, స్ప్రింగులను వదిలేసి క్యాబిన్ కింది రబ్బర్లను, డాలా బోల్టులను చూడాలి. పాత బండ్లలో క్యాబిన్ రబ్బరు ఒక వైపు నలిగిపోయి ఉండడం అరుదేమీ కాదు. వేళ్లతో కొలిస్తే టైరు, స్ప్రింగు, క్యాబిన్ తేడాలు మూడూ కలిసిపోతాయి, అందుకే మీ నాలుగు వేళ్ల లెక్క మీద నేను ఎక్కువ ఆధారపడలేదు.

చాసిస్ ఎత్తులోనే తేడా ఉందని తేలాక ముందు వెనుకలను విడదీసే పరీక్ష చేయాలి. ముందు చక్రాలు రెండూ నేలకు ఒక అంగుళం పైకి లేచేలా, చాసిస్ ముందరి అడ్డ బీమ్ సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి ఎత్తండి. ఇంజిను కింది ఆయిల్ సంపుకు మాత్రం జాకీ ఆనించకండి. ఒక్క బిందువు మీద నిలిచిన ముందు భాగం అటూ ఇటూ ఒరగడానికి స్వేచ్ఛ పొందుతుంది కాబట్టి, ఇప్పుడు బండి ఒరుగును వెనుక కట్టలు మాత్రమే నిర్ణయిస్తాయి. చాసిస్ రెండు వైపులా నేల నుంచి ఎంత ఎత్తున ఉందో కొలవండి. ఇంకా ఎడమకే ఒరిగి ఉంటే లోపం వెనుకది. చదునుగా నిలబడితే లోపం ముందుది. తరువాత ముందు భాగం దించి, బండిని కదిలించి, వెనుక డిఫరెన్షియల్ గుండు కింద మధ్యలో జాకీ పెట్టి ఇదే పరీక్ష తిరగేసి చేయండి. ఈసారి ఒరుగును ముందు స్ప్రింగులు చెబుతాయి. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కనుక, వెనుక భాగం ఎత్తినప్పుడు ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టకపోతే బండి జాకీ మీది నుంచి జారిపోతుంది. రెండు పరీక్షల్లోనూ చాసిస్ కింద స్టాండ్లు ఉండాలి, అవి చాసిస్‌ను తాకకుండా కొద్ది ఖాళీతో ఉండాలి; ఎవరూ బండి కిందికి దూరకూడదు.

రెండు పరీక్షల్లో బండి రెండు వేర్వేరు వైపులకు ఒరిగితే, ముందు వెనుకలు ఒకదానితో ఒకటి పెనుగులాడుతున్నాయని అర్థం. మీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది. పాత యజమాని ఒక కాయిల్ కింద దిమ్మ పెట్టించి ఒరుగును దాచి ఉండవచ్చు, లేదా బండికి ఎప్పుడో దెబ్బ తగిలి చాసిస్ మెలితిరిగి ఉండవచ్చు. చాసిస్ అనుమానం ఉంటే రెండు వైపులా ఒకే రకం రంధ్రాల నుంచి తూకపు గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఐమూల దూరాలు పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

వెనుక కట్ట దగ్గర ఏం చూడాలో కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే జవాబు అక్కడే ఉంటుందని అనుకుంటున్నాను. మొదట ఈ వెనుక కట్టలను వైరు బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, ఆరనివ్వండి. తరువాత టార్చి పట్టుకొని పట్టీల అంచుల వెంబడి చూస్తూ పోతే, విరిగిన చోట సన్నని ఎర్రని తుప్పు గీత కనిపిస్తుంది. పట్టీలు ఎక్కువగా కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల మధ్య, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరుగుతాయి. అక్కడ విరిగిన పట్టీ బిగింపులో దాగి ఉండి బయటికి బాగానే ఉన్నట్టు నటిస్తుంది. సుత్తితో చివరలను తడితే బాగున్న పట్టీ ఖంగుమంటుంది, విరిగినది మొద్దుగా మోగుతుంది. తరువాత మెయిన్ పట్టీకి, అంటే రెండు చివరలా గుండ్రని కన్నులున్న పొడవాటి పట్టీకి, ముందు కన్ను నుంచి వెనుక కన్ను దాకా సుతిలి బిగించి, మధ్యలో సుతిలికీ పట్టీకీ ఎంత ఎడం ఉందో స్కేలుతో కొలవండి. జాకీ పరీక్ష కూడా వెనుకనే చూపి, ఇక్కడ ఎడమ కట్టకు 40, కుడి కట్టకు 75 అని వచ్చిందనుకోండి, ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

అలాగే ముందు చక్రం నడిమి నుంచి వెనుక చక్రం నడిమి దాకా రెండు వైపులా కొలవండి. ఒక వైపు 10 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ వెనక్కి జరిగి ఉండవచ్చు. యూ బోల్టులు వదులైన బండికి ఇది జరుగుతుంది. వెనుక నుంచి చూస్తే బండి కొంచెం అడ్డంగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. కట్ట చివరను చాసిస్‌కు కలిపే షాకిల్ రెండు వైపులా ఒకే వాలులో వేలాడుతోందా, దానిలోని రబ్బరు బుష్ నలిగి ఇనుముకు ఇనుము రాసుకుంటోందా అన్నది కూడా చూడండి. ఒక్కోసారి దోషి ఎడమ కట్ట కాదు, కుడి కట్ట. ఆ వైపు పట్టీల మధ్య తుప్పు పట్టి, షాకిల్ బిగుసుకుపోయి, ఖాళీ బండిలో కిందికి దిగకుండా మొండికేస్తుంది. అప్పుడు ఎడమ వైపు దిగినట్టు కనిపిస్తుంది.

మన దారుల మీద ఎడమ కట్టలే ముందు కుంగడం నేను ఎక్కువగా చూశాను. రోడ్డు ఎడమ అంచుకు వాలుగా ఉంటుంది, దానివల్ల బరువు కొంత అటు మళ్లుతుంది. ఒంటి తారు రోడ్ల మీద ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలే మట్టిలోకి దిగి, గుంతలో పడి, మళ్లీ తారు ఎక్కుతాయి. నిండు లోడుతో ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఏ ఉక్కు అయినా అలసిపోతుంది.

ఇప్పుడు అదనపు పట్టీ సలహాను ఎందుకు కాదంటున్నానో చెప్పాలి. కుంగిన కట్ట ఎత్తును కోల్పోతుంది, గట్టితనాన్ని కోల్పోదు. కిలోకు ఎంత దిగాలో అంతే దిగుతుంది, కాకపోతే కింది నుంచి మొదలుపెడుతుంది. మీరు ఎడమ కట్టలో ఆరో పట్టీ వేస్తే ఎత్తుతో పాటు ఆ వైపు గట్టితనం కూడా దాదాపు అయిదో వంతు పెరుగుతుంది. కుడి కట్ట 10 కిలోలకు 1 మి.మీ. దిగుతుందనుకుంటే, ఎడమ కట్ట అంతే దిగడానికి 12 కిలోలు కావాలి. ఖాళీ బండి అందంగా చదునుగా నిలబడుతుంది. ఒక్కో కట్ట మీద 600 కిలోల లోడు పడగానే కుడి వైపు 60 మి.మీ. దిగితే, ఎడమ వైపు 50 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడు పోయిన ఒరుగు లోడుతో కుడి వైపుకు మారి వస్తుంది. బండి మెకానిక్ ముందు ఖాళీగా నిలబడుతుంది, మీ దగ్గర లోడుతో నడుస్తుంది. ఆయనకు ఈ సంగతి కనిపించదు.

లోపం వెనుకదని తేలితే రెండు కట్టలనూ ఒకేసారి, ఒకే తయారీవి, ఒకే సంఖ్యలో పట్టీలున్నవి మార్చండి. ఖర్చు తగ్గించుకోవాలని పాత పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి వంచేవారి దగ్గరికి పోకండి. స్ప్రింగు ఉక్కుకు తగిన వేడిలో పదును పెట్టి ఉంటారు. ఎర్రగా కాల్చి గాలికి వదిలేస్తే ఆ పదును పోయి, కొన్ని వారాల్లోనే మళ్లీ కుంగుతుంది. చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెచ్చే పని కొంత నయం గానీ, అదీ ఎక్కువ కాలం నిలవదు. ఎడమ కుడి తేడా 10 మి.మీ. లోపే ఉంటే ఏమీ చేయించకుండా వదిలేయమని నా సలహా. ఆ మాత్రం తేడా ఎన్నో బండ్లకు ఉంటుంది.

ముందు లోపం తేలితే కాయిల్ కింది చుట్టు విరిగిందేమో ముందు చూసి, మార్చవలసి వస్తే అక్కడా జతగానే మార్చండి. కొన్ని బండ్లలో ఎడమ కుడి కాయిల్స్‌కు పార్టు నంబర్లు వేరు, దుకాణంలో అది అడిగి తీసుకోండి. ముందు కాయిల్‌కు బదులు టోర్షన్ బార్ (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) ఉన్న బండి అయితే కొత్త సామాను లేకుండానే సర్దుబాటు బోల్టుతో ఎత్తు సరిచేయవచ్చు. కానీ వెనుక కట్ట తప్పును ముందు బోల్టు తిప్పి దాచితే, ఇందాక చెప్పిన పెనుగులాట మొదలవుతుంది.

బిగించేటప్పుడు మెకానిక్‌తో ఒక మాట గట్టిగా చెప్పండి. రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండిని నేల మీదికి దించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండి ఒక వైపును ఎత్తిపట్టుకుంటుంది, కొత్త సామానుతో కూడా బండి ఒరిగే ఉంటుంది. యూ బోల్టులు పాతవి వాడవద్దు, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్లీ బిగించాలి. లోడును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు మీ బండికి ఉంటే, చాసిస్‌కూ హౌసింగ్‌కూ మధ్య ఎత్తు మారిన కారణంగా దాని లింకును మళ్లీ సరిచూడాలి. వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ కూడా అప్పుడే చూపించండి.

మిర్చి లోడు గురించి అడిగారు. ఎండు మిర్చి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. తేజ అయినా, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా అయినా బస్తాలు పైకి పేర్చవలసిందే. చక్రాల మధ్య వెడల్పు 1,400 మి.మీ. అనుకుంటే, 35 మి.మీ. ఒరుగు అంటే ప్రతి మీటరు ఎత్తుకు 25 మి.మీ. పక్కకు జరగడం. నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున ఉన్న బస్తా 75 మి.మీ. ఎడమకు జరిగి ఉంటుంది, దానికి రోడ్డు వాలు కూడా తోడవుతుంది. మెయిన్ పట్టీ విరిగినా, సెంటర్ బోల్టు తెగినా, యూ బోల్టు వదులైనా ఒక్క బస్తా కూడా వేయకండి. అవేమీ లేక కట్ట కేవలం కుంగిందని తేలితే, మార్చేదాకా లోడు సగానికి తగ్గించి, పైవరుస మానేసి, బరువు రెండు వైపులా సమానంగా పేర్చి, మట్టి అంచులోకి దిగవలసి వచ్చిన ప్రతిచోటా బండిని దాదాపు ఆపి దించండి.